గుత్తి నీలిసాలీడు, పెట్టెలో పడిన ఈగ

చందుర్తి నుండి మా కేంద్రానికి ఒక ఉత్తరం వచ్చినది. వ్రాసినవారు సిరిసిల్లలో చాలాకాలం సాంచెల మీద పనిచేసి, చూపు మందగించిన తరువాత ఊరు చేరుకున్న ఒక పెద్దమనిషి. వారి కుమారుడు దుబాయిలో ఒక ఇంట పనిచేయుచున్నాడు. ఆ ఇంటి యజమాని అద్దాల పెట్టెలో అరచేతి వెడల్పు గల నీలిరంగు సాలెపురుగును పెంచుచున్నాడట. నెలరోజుల పాటు వేరే దేశానికి పోవలసి వచ్చి, పెట్టెను ఈ కుర్రవానికి అప్పగించి వెళ్ళినాడు. రెండు వారాలు గడిచేసరికి పెట్టెలో ఆవగింజంత ఈగలు లేచినవి. అడుగున తెల్లని పురుగులు మెసలుచున్నవి.

“మా పిలగాడు రోజు ఫోన్ చేసి అడుగుతుండు. దోమల మందు కొట్టాల్నా, వద్దా? అది సచ్చిపోతే వాని జీతంల పట్టుకుంటరేమో అని భయపడుతుండు. రేడియోల అన్ని చెప్తరు గద, సారూ, ఇది గూడ చెప్పుండ్రి” అని ఆ పెద్దాయన వ్రాయించినారు. ఉత్తరంతో పాటు ఒక ఫోటో కూడ పంపినారు.

మందు కొట్టవద్దని ఆ రోజే ఫోన్‌లో చెప్పినాము. ఎందుకు వద్దో, మరేమి చేయవలెనో చెప్పుటకు మాత్రం కొంత వెనుకకు పోవలసి ఉన్నది. ఫోటోలోని జీవి పరదేశపుది కాదు. అది మన తెలుగునేల జీవి. దాని కథలో ఒక రైలు, ఒక చిత్రకారిణి, ఇటలీ దేశపు రాజవైద్యుడొకడు, చివరకు మన వంటింటి పాలగిన్నె కూడ ఉన్నవి.

గుత్తి అనగానే మనకు కోట గుర్తుకు వచ్చును. కొంత చరిత్ర చదివినవారికి సర్ థామస్ మన్రో గుర్తుకు వచ్చును. 1827లో పత్తికొండలో కలరా సోకి మరణించిన ఆయనను మొదట ఖననం చేసినది గుత్తిలోనే. అయితే ప్రపంచంలో సాలెపురుగులను పెంచువారికి గుత్తి పేరు తెలిసినది కోట వలన కాదు, మన్రో వలన కాదు. 1899లో బ్రిటిష్ మ్యూజియంలో పనిచేయుచున్న రెజినాల్డ్ ఇన్నెస్ పోకాక్ అనే పండితుడు బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘం పత్రికలో కొన్ని కొత్త జాతుల సాలెపురుగులను, తేళ్ళను వర్ణించినాడు. అందులో ఒకటి గుత్తిలో దొరికిన ఈ నీలిసాలీడు. దానికి ఆయన పెట్టిన పేరు ‘పీసిలోథీరియా మెటాలికా’. మొదటి మాటకు గ్రీకుభాషలో మచ్చల మృగమని అర్థం. రెండవది దాని లోహపు మెరుపును చెప్పును.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. ఈ సాలీడు చెట్టుతొర్రలలో బ్రతుకు జీవి. గుత్తి చుట్టూ ఉన్నవి రాతిగుట్టలు. అది దొరికిన చోటు రైలువారి కలప నిలువచేసే ఆవరణ అని తెలిసిన తరువాత చిక్కు కొంత విడిపోయినది. ఎక్కడో అడవిలో నరికిన దుంగ తొర్రలో దాగి, రైలెక్కి, గుత్తిలో దిగినదన్నమాట. టిక్కెట్టు లేని ఆ ప్రయాణం వలన దాని పేరుకు గుత్తి అంటుకున్నది. ఊరు మాత్రం తెలియలేదు. నూరేండ్లు గడిచిన తరువాత, 2001లో, నంద్యాలకు గిద్దలూరుకు నడుమ ఉన్న అడవిలో అది మళ్ళీ కనిపించినది. ఆ అడవి గుండా రైలుదారి పోవుచున్నది. గుత్తికి ఆ చోటు దాదాపు వంద కిలోమీటర్లు.

సాలెపురుగు మనకు కొత్తది కాదు. సాలె అంటే నేతవాడు. నేతపని తెలిసిన పురుగు గనుక దానికి ఆ పేరు. ఈ సంగతి సిరిసిల్లవారికి మేము చెప్పనవసరం లేదు. శ్రీకాళహస్తి పేరులో మొదటి అక్షరం సాలెపురుగుదే. స్వామికి గూడల్లి సేవచేసిన ఆ భక్తజీవి కథ మన ఇళ్ళలో పిల్లలకు కూడ తెలియును. అయితే దానిని పెట్టెలో పెట్టి పెంచుట మన అలవాటు కాదు. ఆ అలవాటు ఎట్లు వచ్చినదో చూచినప్పుడే, పెట్టెలో పురుగు ఎందుకు పడునో కూడ తెలియును.

టరాంటులా అన్న మాట ఇటలీ దక్షిణాన ఉన్న టరాంటో పట్టణం నుండి వచ్చినది. అక్కడి ఒక సాలెపురుగు కరచినవారు విషం దిగిపోవుటకు ఆగకుండ నాట్యం చేయవలెనని పూర్వం నమ్మేవారు. ఆ టరాంటో సాలెపురుగుకు, మన నీలిసాలీడుకు దగ్గరి చుట్టరికం లేదు. ఐరోపావారు సముద్రాలు దాటి పోయినప్పుడు కనిపించిన ప్రతి పెద్ద రోమశ సాలెపురుగుకు ఆ పేరే పెట్టినారు.

ఆ పెద్ద సాలెపురుగులను లోకానికి బొమ్మకట్టి చూపినవారిలో మొదట చెప్పవలసినది మరియా సిబిల్లా మేరియన్ అనే స్త్రీని. ఆమె 1699లో, యాభై రెండేండ్ల వయస్సులో, కూతురిని వెంటబెట్టుకొని దక్షిణ అమెరికాలోని సురినామ్‌కు ఓడలో పోయినది. అక్కడ రెండేండ్లు అడవులలో తిరిగి పురుగులను చూచి, చిత్రించి, 1705లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒక గొప్ప గ్రంథం ప్రచురించినది. అందులో జామచెట్టు కొమ్మ మీద పెద్ద సాలెపురుగు ఒకటి చిన్న పక్షిని పట్టి తినుచున్న చిత్రం ఉన్నది. ఆ చిత్రాన్ని చాలామంది నమ్మలేదు. ఆడదాని కట్టుకథ అని కొట్టివేసినవారూ ఉన్నారు. హెన్రీ వాల్టర్ బేట్స్ అనే ప్రకృతి శాస్త్రజ్ఞుడు అమెజాన్ తీరాన అటువంటి దృశ్యాన్నే తాను చూచినట్లు 1863లో ప్రచురించిన గ్రంథంలో వ్రాసిన తరువాతగాని ఆమె మాటకు గౌరవం కలుగలేదు.

మనకు కావలసినది పక్షి కాదు, అదే చిత్రంలోని చీమలు. ఆ దేశపు చీమలు ఒక్కొక్కప్పుడు దండుగా లేచి ఇళ్ళలో ప్రవేశించి, గదిగదీ తిరిగి, కనిపించిన పురుగునెల్లా తిని పోవుననీ, ఎంత పెద్ద సాలెపురుగైనను అన్ని చీమలు ఒక్కసారి మీదపడగా రెప్పపాటులో అయిపోవుననీ మేరియన్ వ్రాసినది. పక్షిని పట్టగల జీవికి చీమ చేతిలో చావు! పెట్టెలో పెంచువారు మొదట భయపడవలసినది ఇప్పటికీ చీమకే. అడవిలో సాలీడు గూడు విడిచి పారిపోగలదు. మూత బిగించిన పెట్టెలో దానికి దారి లేదు.

చీమకు విరుగుడు చందుర్తిలో ప్రతి ఇల్లాలికి తెలియును. పాలగిన్నెను నీళ్ళు పోసిన పళ్ళెంలో పెట్టుదురు. గూటిపెట్టె కాళ్ళ క్రింద నీటిగిన్నెలు ఉంచుదురు. అద్దాల పెట్టెనైనను ఒక చిన్న పీట మీద ఉంచి, ఆ పీట కాళ్ళను నీళ్ళలో పెట్టిన చాలును. పెట్టె గోడకు తగులకూడదు, అంతే. దుబాయి కుర్రవానికి ఈ మాట చెప్పినప్పుడు, “మా అమ్మ పెరుగుకు చేసినట్టే గద” అన్నాడట.

బేట్స్ గ్రంథంలో మరొక ముచ్చట ఉన్నది. కమెటా అన్న ఊరిలో ఒక ఆదివాసి కుటుంబపు పిల్లలు అటువంటి పెద్ద సాలెపురుగు నడుముకు దారం కట్టి, కుక్కపిల్లను తిప్పినట్లు ఇల్లంతా తిప్పుచుండగా ఆయన చూచినాడు. సాలెపురుగును ముద్దుగా పెంచినవారి ముచ్చట మేము చదివినంతలో ఇంతకంటె చక్కనిది లేదు. శాస్త్రం కొరకు ఓపికగా పెంచినవారిలో అర్కాన్సా విశ్వవిద్యాలయంలోని విలియం బేర్గ్ ప్రసిద్ధుడు. ఆయన ఏండ్ల తరబడి సాలెపురుగులను సాకి, ఆడవి ఇరువది ఏండ్లకు పైగా బ్రతుకగలవని చూపినాడు. 1958లో తన గ్రంథం వెలువరించినాడు. ఇరువది ఏండ్లు! ఒక ఎద్దు కంటె ఎక్కువ కాలం.

అంతకాలం బ్రతుకు జీవి రెండు వారాలలో ఈగల పాలగుట ఎట్లు? చందుర్తి పెద్దాయన కుమారునితో మేము ఫోన్‌లో మాట్లాడి, రోజూ ఏమి చేయుచున్నావని అడిగినాము. పాపం, ఏ లోపమూ చేయలేదు. చేసినదంతా ఎక్కువే. ఎండదేశంలో దాహం వేయునేమోనని ఉదయం, సాయంత్రం నీళ్ళు చల్లినాడు. ఆకలి వేయునేమోనని రోజుకొక బొద్దింకను వేసినాడు. ఎదిగిన సాలీడుకు వారానికో, రెండు వారాలకో ఒక ఇలకోడి గాని బొద్దింక గాని చాలును. అది తినగా మిగిలిన పిప్పి, తినకుండ చచ్చిన బొద్దింకలు తడి కొబ్బరిపొట్టులో కుళ్ళినవి. ఆ వాసనకు ఈగ వచ్చినది.

కుళ్ళిన మాంసంలో పురుగు తనంతట తానే పుట్టునని లోకం చాలాకాలం నమ్మినది. అది తప్పని చూపినవాడు ఫ్రాంచెస్కో రెడీ. టస్కనీ ప్రభువుల ఆస్థానవైద్యుడు. 1668లో ఆయన ప్రకటించిన పరీక్ష చాల సులభమైనది. చచ్చిన పామును, చేపలను, దూడమాంసమును జాడీలలో వేసినాడు. కొన్ని జాడీలను తెరచి ఉంచినాడు, కొన్నింటిని మూసినాడు. తెరచిన వాటిలో పురుగు పట్టినది, మూసిన వాటిలో పట్టలేదు. గాలి తగలనందున పట్టలేదని ఎవరైనను అనవచ్చును. అందుచేత మరల చేసి, ఈసారి జాడీ మూతికి నేపుల్స్ నగరపు సన్నని బట్ట కట్టినాడు. గాలి పోయినది, ఈగ పోలేదు. వాసన పట్టి వచ్చిన ఈగలు ఆ బట్ట మీద వాలినవి. మాంసంలో మాత్రం పురుగు లేదు.

జీవశాస్త్రంలో ఇంత పెద్ద తీర్పు ఒక నేతబట్ట చెప్పినది. ఉత్తరం వ్రాసినవారు నేతపనివారు గనుక ఈ ముక్క వారికి ప్రత్యేకంగా చెప్పినాము. పెట్టె గాలిరంధ్రాల మీద, పిండిజల్లెడ కంటె సన్నని వలబట్టను బయటి వైపున అంటించవలెను. లోపలి వైపు అంటించరాదు. సాలీడు కాలిగోళ్ళు వలలో చిక్కి తెగిపోవచ్చును.

ఆ ఆవగింజంత ఈగ ‘మెగసీలియా స్కాలారిస్’ అనే జాతిదో, దాని చుట్టమో అయి ఉండవలెను. హెర్మన్ లో అనే జర్మన్ పండితుడు 1866లో దానిని వర్ణించినాడు. వెచ్చని దేశాలన్నిటిలో ఉన్నది. వీపు గూనిగా ఉండును. తరిమితే ఎగురదు, ఆగి ఆగి పరుగెత్తును. ఆ నడక చూచి గుర్తుపట్టవచ్చును. చచ్చిన జీవి, కుళ్ళిన పండు, అడుగంటిన పెంట, దేనినైనను తినును. గ్రుడ్డు నుండి రెక్కల ఈగ అగుటకు వెచ్చని గదిలో రెండు మూడు వారాలు చాలును. కాబట్టి ఈరోజు కనిపించిన ఈగలను చంపిన పని తీరదు. అడుగున తయారగుచున్నవి వేరే ఉన్నవి. సాధారణంగా బ్రతికిన సాలీడును అది ఏమీ చేయదు. అయితే గాయపడినప్పుడు, కుబుసం విడిచి ఒళ్ళు మెత్తగా ఉన్నప్పుడు దాని పిల్లపురుగులు సాలీడు ఒంటిలో దూరగలవు. సాలీడు కుబుసం విడుచునప్పుడు వెల్లకిల పడి గంటల తరబడి కదలకుండ ఉండును. చచ్చినదనుకొని తట్టిన వారే దానిని చంపుదురు. ఆ సమయంలో పెట్టెలో బ్రతికిన ఇలకోడిని విడిచినను ప్రమాదమే. తిండి తినవలసిన దానిని తిండే కొరికి తినును.

దోమల మందు మాట. పాల్ మ్యూలర్ 1939లో డి.డి.టి.కి పురుగులను చంపు గుణం ఉన్నదని కనిపెట్టి, 1948లో నోబెల్ బహుమానం పొందినాడు. 1953లో మన దేశంలో మలేరియా నిరోధక కార్యక్రమం ప్రారంభమైన తరువాత ఊరూరా మందు కొట్టువారు వచ్చి, కొట్టిన తేదీని గోడ మీద వ్రాసి పోయేవారు. ఆ అంకెలు చూచిన పెద్దలు ఇంకను ఉన్నారు. మలేరియా తగ్గినది, కాదనలేము. కాని మందుకు కండ్లు లేవు. ఈగకు, సాలీడుకు ఒళ్ళు ఒక్క తీరుది. ఈగ నరాలను పట్టు విషం సాలీడు నరాలను కూడ పట్టును. నేటి దోమలమందులు వేరైనను ఈ విషయంలో వాటికి కూడ కండ్లు లేవు. పెట్టెలోనే కాదు, ఆ గదిలో కూడ చల్లరాదు. మందు తగిలిన చేతితో నీటిపాత్ర ముట్టినను ముప్పే.

పురుగు మీదికి పురుగును తోలుట దీనికంటె పాత ఉపాయం. క్రీ.శ. 304లో వ్రాసినదని చెప్పు ఒక చైనా గ్రంథంలో నారింజతోటల రైతులు చీమలగూళ్ళను సంచులతో సహా అంగడిలో కొని చెట్లకు కట్టుచుండిరని ఉన్నది. ఆ చీమలు కాయలను పాడుచేయు పురుగులను తినును. నేటి సాలీడు పెంపకందార్లు అదే పని చిన్న ఎత్తున చేయుదురు. స్ప్రింగ్‌టెయిల్ అనే తెల్లని, చుక్కంత గెంతుడు జీవులను కొబ్బరిపొట్టులో విడుతురు. అవి బూజును తిని బ్రతుకును, సాలీడు జోలికి పోవు. మైట్ అనే సూక్ష్మమైన ఎనిమిది కాళ్ళ జీవులు పెట్టెలో పడి పెరిగినప్పుడు, వాటిని వేటాడి తిను వేరొక జాతి మైట్‌ను తెచ్చి విడిచేవారు కూడ ఉన్నారు. కాని తెల్లనివన్నీ శత్రువులు కావు. గెంతితే మిత్రుడు, గుంపుగా సాలీడు నోటి దగ్గర, కీళ్ళలో అంటుకొని ఉంటే కాదు.

ఇంతకంటె కీడైనది కంటికి సరిగ కనపడదు. నులిపురుగు జాతికి చెందిన ఒక తెల్లని సన్నని జీవి సాలీడు నోటిలో చేరును. సాలీడు తినుట మానును, నెలల తరబడి కృశించి చచ్చును. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు రివర్‌సైడ్ శాఖవారు అటువంటి దానినొకదానిని 2022లో వర్ణించి, సాలెపురుగుల మీద తీసిన ఒక చలనచిత్రంలోని నటుని పేరు దానికి పెట్టినారు. నటుడు జెఫ్ డేనియల్స్. ఆయన సంతోషించినాడో లేదో గాని, చిత్రంలో ఆయన సాలెపురుగులను చంపిన నాయకుడే గనుక పేరు అతికినట్లున్నది. ఇటువంటి నులిపురుగులను పెట్టె నుండి పెట్టెకు మోయునది ఈ గూని ఈగయేనని పెంపకందార్లలో గట్టి అనుమానం. అందువలననే ఈగను చిన్నచూపు చూడరాదు.

కుర్రవానికి మేము చెప్పిన పని ఇది. ముందు యజమానికి ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్లు చెప్పవలెను. దాచినకొద్దీ తప్పు తనదగును. సాలీడును చేతితో పట్టరాదు. ఇది మెరుపువలె పరుగెత్తు జీవి. కరచినచో ప్రాణం పోయినట్లు వినలేదు గాని, తీవ్రమైన నొప్పితో పాటు రోజుల తరబడి కండరాలు పట్టివేయును. పెట్టె మార్చవలసి వచ్చిన, పెంపకం తెలిసినవారిని యజమాని ద్వారా పిలిపించవలెను. ఈలోగా నీళ్ళు చల్లుట మాని, ఒక చిన్న నీటిపాత్ర మాత్రం ఉంచవలెను. పొడవాటి చిమటతో పిప్పిని, చచ్చిన బొద్దింకలను ఏరివేయవలెను. పొట్టును ఆరనీయవలెను. తడి లేనిచోట ఈగ పిల్లపురుగు బ్రతుకదు. కందులు ఎండబెట్టి గుమ్మికి ఎత్తువారికి ఈ సూత్రం కొత్తది కాదు. పెట్టె బయట ఒక సీసాలో కొంచెం వెనిగర్ పోసి, మూతికి సన్నని బెజ్జాలు చేసి ఉంచిన, లేచిన ఈగలు అందులో పడును. మూడు వారాలు విడువక చేయవలెను.

నీలిసాలీడు దుబాయికి ఎట్లు చేరినదని ఆ పెద్దాయన అడిగినారు. 2001 తరువాత కొద్దికాలంలోనే అది ఐరోపాకు, అమెరికాకు చేరినది. మొదట పోయినవి మన ప్రభుత్వపు అనుమతితో పోయినవి కావు. అక్కడ పెట్టెలలో పిల్లలు పెట్టి వేలకొద్ది పెరిగినవి. ఇప్పుడు అంగళ్ళలో అమ్మునవి చాలవరకు అట్లు పుట్టినవే. ఇక్కడ అడవిలో మాత్రం 2008లో అంచనా వేసినప్పుడు దాని చోటు వంద చదరపు కిలోమీటర్ల లోపే అని తేలి, అంతరించుటకు అత్యంత చేరువలో ఉన్న జాతుల పట్టికలో చేర్చినారు. తొర్రలున్న పాతచెట్లు వంటచెరకుకు, కలపకు పోవుటయే ముఖ్యకారణం. 2019లో జెనీవాలో జరిగిన సమావేశంలో ఈ జాతి సాలీళ్ళన్నిటి అంతర్జాతీయ వ్యాపారమును అదుపులో పెట్టినారు. 2022లో మన వన్యప్రాణి సంరక్షణ చట్టమును సవరించి ఆ ఒప్పందమును చట్టములోనికి తెచ్చినారు. కాబట్టి నల్లమలకు పోయి ఒకటి పట్టుకొని వత్తుమా అని ఎవరికైనను తోచిన, ఆ తలపును ఇక్కడనే విడిచిపెట్టవలెను.

దాని నీలం గూర్చి ఒక్క మాట. అది అద్దిన రంగు కాదు. రోమాలలోని అతిసూక్ష్మమైన పొరలు వెలుగును విరిచి నీలంగా చూపునవి. 2015లో ఈ విషయం మీద వెలువడిన ఒక పరిశోధన, సాలెపురుగులలో ఈ నీలం వేర్వేరు వంశాలలో ఎన్నోసార్లు విడివిడిగా పుట్టినదని చూపినది. ఎందుకు పుట్టినదో ఎవరూ తేల్చలేదు. తొర్రలో, చీకటిలో తిరుగు జీవికి ఇంత అందమెందుకో!

నెల తిరిగిన తరువాత చందుర్తి నుండి రెండవ ఉత్తరం వచ్చినది. ఈగలు పోయినవి. యజమాని వచ్చి పెట్టెను చూచి ఏమీ అనలేదట. జీతం చేతికి వచ్చినదట. కుర్రవాడు రేడియోవారు చెప్పిన సంగతి యజమానితో, ఈ పురుగు మా దేశానిది అన్నాడట. ఆయన నమ్మక పెట్టె వెనుక అంటించిన చీటీ తెచ్చి చూపినాడట. అందులో ఆంగ్ల అక్షరాలతో గుత్తి అని ఉన్నది. కుర్రవాడు ఇన్నాళ్ళు దానిని ‘గూటి’ అని చదువుకొని, గూటిలో ఉండే పురుగు అనుకున్నాడట.